గంగక్క కేకకు జాగా లేదట

పద్నాలుగు సెకన్ల మాటకి రెండున్నర ఎంబీలా! అక్సా ఆ ఫైలు సైజును ఒకటికి రెండుసార్లు చూసింది. కళ్ళద్దాలు తుడుచుకుని మూడోసారి కూడా చూసింది. అంకె మారలేదు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

ఖమ్మంలో టైర్ల దుకాణం మీద రెండు గదుల్లో నడిచే కంపెనీ అది. అడవి ఊళ్ళలో వాగు పొంగినప్పుడు జనాన్ని ఆపే డబ్బాలు చేస్తామని బోర్డు కట్టుకుంది గానీ, ఇప్పటిదాకా చేసింది ఒకే ఒక్క డబ్బా. టేకులపల్లి దాటి అడవిలోకి పోతే మోదుగులగుంపు అని ముప్పై ఇళ్ళ కోయ ఊరు వస్తుంది. ఆ ఊరికీ రోడ్డుకీ మధ్య బొర్రవాగు. వాగు ఒడ్డున ఒక ఇనప స్తంభం, దానికి ఆ డబ్బా, డబ్బా నెత్తిన ఒక మైకు. నీళ్ళు గుర్తు దాటగానే మైకు మోగాలి. డబ్బా లోపలి చిప్పులో నడిచే ప్రోగ్రాం అంతా అక్సా రాసిందే. ఇల్లందు బొగ్గు బాయిలో పనిచేసి రిటైరైన తోమాసు కూతురు ఆమె. ఇరవై ఏడేళ్ళు. పనిలో మొండిది, మాటలో తొందరది.

"సార్, ఇది పట్టదు," అంది ఓనరు వెంకటేశ్వరరావు గదిలోకి వెళ్ళి.

"నాలుగు ఎంబీల చిప్పు కదమ్మా. రెండున్నర పట్టకపోవుడేంది?"

ఎన్నిసార్లు చెప్పిందో ఈ మనిషికి! ఆ నాలుగు ఎంబీలూ ఖాళీ గోడౌన్ కాదు, దొరికిన సామానల్లా తెచ్చి పడేయడానికి. కరెంటు పోయినా చెరిగిపోని ఆ జాగాని ఫ్లాష్ అంటారు. ఇంటిని గదులుగా విడగొట్టినట్టు దాన్ని పార్టిషన్లుగా విడగొట్టుకోవాలి. ఒక గదిలో నడిచే ప్రోగ్రాం ఉంటుంది. పక్కనే అంతే కొలతలో ఇంకో గది ఖాళీగా ఉంచాలి. ఫోను సిగ్నల్ మీద కొత్త ప్రోగ్రాం పంపితే అది ఆ ఖాళీ గదిలో దిగుతుంది. అందులో ఏదైనా లోపముంటే డబ్బా తనంతట తానే పాత గదికి తిరిగిపోయి పని చేసుకుంటుంది. ఆ రెండో గది లేకపోయిందా, ఒక్క తప్పుడు ప్రోగ్రాం వెళ్ళినా డబ్బా అక్కడికక్కడే చస్తుంది. ఇంకో చిన్న అరలో ఆ వాగు తాలూకు నీటి గుర్తులు. చివరి గదిలో గొంతు. ఏ గది ఎక్కడ మొదలవుతుందో రాసిన పట్టీ ఒకటి ఉంటుంది. ఆ పట్టీ మార్చాలంటే మటుకు వాగు దగ్గరికి పోయి కేబుల్ పెట్టాల్సిందే.

"గొంతు గదిల ఒకటిన్నర ఎంబీ కూడ లేదు సార్. అందుట్ల ఏడు వందల కేబీ గంగక్క కేక ఉంది."

"అయితే తీసెయ్ దాన్ని."

ఎంత తేలిగ్గా అన్నాడు! టేబుల్ మీది టీ మరక తుడిచెయ్ అన్నట్టు అన్నాడు.

"మేడం మాట పెట్టొద్దంటలేను సార్. పెడదాం. కాని మైకు ఒక్కటే ఉన్నప్పుడు స్టీరియో ఎందుకు? క్వాలిటీ తగ్గిచ్చి, మోనో చేస్తే నాలుగు వందల యాభై కేబీకి వస్తది. ఇద్దరి గొంతులూ అదే గదిల పడతయ్. వేరే గదుల జోలికే పోనక్కర్లే."

"తగ్గిస్తే ఎట్లుంటది?"

"ఫోన్ల మాట్లాడినట్టు ఉంటది. ఆ మైకుల ఎట్లయినా గంతకంటె ఎక్కువ రాదు సార్."

"చెప్తే ఇనవేంది అక్సా? ఆ మాటని హైదరాబాద్ స్టూడియోకి పంపి శుభ్రం చేయించిన. వెనక వీణ పెట్టించిన. దాన్ని తీస్కపోయి ఫోన్ల మాట్లాడినట్టు చేస్తవా? ఇంకో నలభై డబ్బాలు పెట్టాల్నా వద్దా అన్నది మేడం చేతిల ఉంది. గురువారం పొద్దున ఆమె వచ్చి బటన్ నొక్కంగనే, ఆమె గొంతు ఆమెకే గంటలెక్క వినపడాలె."

మేడం అంటే ప్రమీలారాణి. ఈ డబ్బా పెట్టించిన ట్రస్టుకి చైర్‌పర్సన్.

"మరి వాగు వచ్చినప్పుడు సార్?"

"అప్పుడు కూడ మేడం మాటే. దాని వెనక బీప్ బీప్ అని సైరన్ కొట్టిద్దాం. ఆ కోయ మాట ఎవరిక్కావాలె? అందరికీ తెలుగొస్తది కదా."

తెలుగొస్తుంది. రాకేం! నిరుడు జూన్‌లో డబ్బా పెట్టినప్పుడు అది మాట్లాడింది తెలుగే. వార్తలు చదివే గొంతున్న మనిషిని పట్టుకొచ్చి చదివించారు. ప్రజలకు విజ్ఞప్తి, వాగు ఉధృతంగా ప్రవహిస్తున్నందున, అంటూ. జూలైలో వాగు పొంగింది. డబ్బా చెప్పవలసినదంతా చెప్పింది. అదంతా వింటూనే ముసలయ్య ఎద్దును తోలుకుని నీళ్ళలో దిగాడు. ఎద్దు కొట్టుకుపోయింది. ముసలయ్య చాలా దూరం కింద ఒక మద్ది కొమ్మకు చిక్కి, విరిగిన తుంటితో బయటపడ్డాడు.

కొత్తగూడెం దవాఖానాలో మంచం పక్కన కూర్చుని అక్సా అడిగింది: "డబ్బా చెప్పింది ఇనలేదా పెద్దయ్యా?"

"ఎందుకినలే బిడ్డా, మంచిగ ఇన్న," అన్నాడు ముసలయ్య. "గట్ల మైకుల మాట్లాడేటోళ్ళు మాకు కొత్తనా? చీరలమ్మేటోళ్ళు గట్లనే మాట్లాడతరు. ఓట్లడిగేటోళ్ళు గట్లనే మాట్లాడతరు. ఎవరో ఏందో చెప్తున్రు, చెప్పనీ అనుకున్న. నాతోని అంటున్రని నాకెట్ల తెలుస్తది?"

అక్సా ఆ రోజు తల ఎత్తుకోలేకపోయింది.

ఆ ఊళ్ళో వాగు వస్తోందని చెప్పే పద్ధతి వేరే ఉంది. వాగుకు అందరికన్నా ఎగువన ఎవరి చేను ఉంటుందో కేక వేసే బాధ్యత వాళ్ళది. తాతల నాటి కట్టు. కొండల్లో వాన పడి నీళ్ళ రంగు మారగానే పై చేను మనిషి రాతిబండ మీదికెక్కి గొంతెత్తాలి. ముందు ఒక పొడుగాటి కూత, దాని వెనక కోయలో నాలుగు ముక్కలు. అది చెవిన పడితే ఎక్కడి కాలు అక్కడ ఆగిపోవాలి. ముప్పై ఏళ్ళుగా ఆ పై చేను గంగక్కది. మొగుడు పోయినా చేను వదల్లేదు, కేక వదల్లేదు. ఒకసారి ఆమెకు జ్వరమొచ్చి ఇంకెవరో వేస్తే, అది గంగక్క గొంతు కాదులే అని సగం మంది ఆగనే లేదు.

ఇంకో కట్టు కూడా ఉంది. వాగు రాకుండా ఆ కేక వేయకూడదు. సరదాకి వేయకూడదు, నేర్పడానికి వేయకూడదు, ఎంతటివాళ్ళు వచ్చి అడిగినా వేయకూడదు. ఉత్తుత్తిగా ఒక్కసారి వేస్తే మరుసటిసారి ఎవరు ఆగుతారు? ఇల్లందులో ఈ సంగతి చెబితే తోమాసు వెంటనే తలూపాడు. "అవ్ మరి. బాయిల తూటా పేల్చే ముందల విజిల్ ఊదుతం. తూటా లేకుండ ఊదినోన్ని మేమూ ఊకోకపోతుంటిమి," అన్నాడు.

అందుకే అక్సా నిరుడు ఆగస్టులో పై చేను గట్టునే ఉన్న గంగక్క రేకుల ఇంట్లో మకాం పెట్టింది. పంతొమ్మిది రోజులు వాగు రాలేదు. పంతొమ్మిది రోజులూ గంగక్క పెట్టిన జొన్నగటక తిని, రికార్డరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇరవయ్యో రోజు మధ్యాహ్నం నీళ్ళు ఎర్రబడ్డాయి. గంగక్క వానలోనే ఆ బండ మీదికెక్కింది. ఇరవై రెండు సెకన్లు. ఆ ఇరవై రెండు సెకన్లే డబ్బాలో గొంతు గదిలో ఉన్నది. సెప్టెంబరులో రెండుసార్లు వాగు వస్తే రెండుసార్లూ డబ్బా గంగక్కలాగే పిలిచింది. ఒక్క మనిషీ నీళ్ళలో కాలు పెట్టలేదు.

ఇదంతా వెంకటేశ్వరరావుకి తెలియదా? రిపోర్టులో రాసిచ్చింది. ఆయన దాని మీద సంతకం కూడా పెట్టాడు.

"నీకంత పట్టింపు ఉంటే," అన్నాడాయన, "ఆమెను తర్వాత స్టూడియోకి పిలిపిద్దాం. మళ్ళీ అనిపిద్దాం."

"వాగు లేకుండ అనదు సార్!"

"అనదా? ఏం, గంత పెద్ద సింగరా ఆమె?"

అక్సా నోరు తెరిస్తే ఏం వస్తుందో ఆమెకే భయమేసి గదిలోంచి వచ్చేసింది. పావుగంట తిరక్కుండానే ఆ ఫైలు పక్క టేబుల్ మీది సుకుమార్‌కి వెళ్ళింది. సుకుమార్ ఆమెకన్నా ఆరేళ్ళు సీనియర్, పనిమంతుడు, కానీ ఓనరు ముందు నోట్లో నాలుక లేని మనిషి. చెప్పింది చెప్పినట్టు చేశాడు. రెండో గది తీసేశాడు. గొంతు గది తీసేశాడు. అడ్డుగోడలన్నీ కొట్టేసి ఒకే ఒక్క పెద్ద గది చేసి, మేడం మాటని బైనరీగా ప్రోగ్రాం పొట్టలోనే ఎంబెడ్ చేసి కుట్టేశాడు. ఇక ప్రోగ్రాం ఎక్కడికి పోతే ఆ మాట అక్కడికి పోతుంది, వీణతో సహా.

గురువారం పొద్దున్నే ఇద్దరూ మోదుగులగుంపు చేరారు. ఓనరూ మేడమూ వెనక కారులో వస్తున్నారు. సుకుమార్ తాళం తీసి డబ్బా తెరిచి కేబుల్ గుచ్చుతుంటే అక్సా అతని చెయ్యి పట్టుకుంది.

"ఆగన్నా. ముందు చదువు. ఉన్నదంతా నా లాప్‌టాప్‌ల దించినంకనే నువ్వు రాయాలె."

"సార్ అట్ల చెప్పలేదు అక్సా."

"వద్దని కూడ చెప్పలేదు గదా!"

సుకుమార్ పక్కకు జరిగాడు. చిప్పులో ఉన్న నాలుగు ఎంబీలూ, నీటి గుర్తులతో, గంగక్క కేకతో సహా, ఉన్నదున్నట్టు ఒక ఫైలుగా లాప్‌టాప్‌లోకి దిగాయి. ఆ తర్వాతే సుకుమార్ కొత్తది ఎక్కించాడు. తెర మీద చెరిపేసిన శాతం పెరుగుతూ పోయింది. అక్సా చూస్తూ నిలబడింది. ఉద్యోగం కదా అనుకుంది. అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

అప్పుడే గంగక్క వచ్చింది. ఉతికిన చీర కట్టుకుంది, భుజాన మూట ఉంది. రోడ్డు మీద ఆటో ఆగి ఉంది.

"బాలిని రేపు దవాఖానాల చేర్పియ్యాలె బిడ్డా," అంది నవ్వుతూ. "భద్రాచలం పోతున్న. పదిహేను దినాలు ఆడనే ఉంట."

బాలి ఆమె ఒక్కగానొక్క కూతురు. భద్రాచలం అవతల ఒక ఊరికి ఇచ్చారు. మూడేళ్ళ కింద తొలికాన్పు సరిగ్గా వానల్లో వచ్చింది. రమ్మని కబురు మీద కబురు పంపినా గంగక్క పోలేకపోయింది. తను పోతే కేక ఎవరు వేస్తారు? నొప్పులు మొదలయ్యాక బాలి పక్కన ఆడమనిషి లేదు, బయలుదేరేసరికి ఆలస్యమైంది. బిడ్డ దక్కలేదు. ఆ తర్వాత ఏడాది పాటు బాలి తల్లితో మాట్లాడలేదు. ఇప్పుడు రెండో కాన్పు. ఈసారన్నా రావే అని బాలి ఏడ్చిందట ఫోన్లో. వస్తానే, ఇప్పుడు నా కేక డబ్బాలో ఉంది కదా అందట గంగక్క. పంతొమ్మిది రోజుల్లో అక్సాకి ఆమె ఈ కథ ఎన్నిసార్లు చెప్పిందో!

"డబ్బా మంచిగ చేసిన్రా? ఇగ నేను పోవచ్చు గదా?" అని అడిగింది.

అక్సా తల తిప్పుకుని కేబుల్ చుట్టసాగింది. సుకుమారే తలొంచుకుని, "పోవచ్చమ్మా," అన్నాడు. అక్సా అతన్ని కాల్చేసేలా చూసింది. ఇంతలో కారు వచ్చింది.

వెంకటేశ్వరరావు దిగాడు, కెమెరా మనిషి దిగాడు, వెనక సీట్లోంచి ప్రమీలారాణి దిగింది. అరవై దాటిన మనిషి, నీరసంగా ఉంది, కుర్చీ కోసం చూసింది. దండలు పడ్డాయి. బటన్ నొక్కమన్నారు. ఆమె నొక్కింది. ముందు వీణ మోగింది. తర్వాత మైకు గరగరమంటూ, "ప్రియమైన ప్రజలారా, మీ భద్రతే మా ట్రస్టు ధ్యేయం," అని అందుకుంది. హైదరాబాద్‌లో శుభ్రం చేయించిన మాట అడవిలో సంత మైకులాగే వినపడింది. చప్పట్లు కొట్టమంటే జనం కొట్టారు. తుంటికి కర్ర ఆనించుకుని నిలబడ్డ ముసలయ్య మాత్రం కొట్టలేదు.

గంగక్క ముందుకొచ్చింది. "సారూ, నా కేక ఏది?"

వెంకటేశ్వరరావు ఒక్క క్షణం తడబడ్డాడు. అంతలోనే మొహం విప్పారింది. "ఓహో, గంగక్కవు నువ్వేనా? వాగు రాకుండ కేక వేయొద్దని మీ కట్టు కదమ్మా. అందుకే ఇప్పుడు రాలేదు. వాగు వస్తే నీ కేకనే వస్తది. నువ్వు నిమ్మలంగ పోయి రా."

గంగక్క మొహంలో భయం పోయింది. "గట్లనా! మంచిది సారూ," అని దండం పెట్టి మూట సర్దుకుంది. ఆటో వైపు నడిచింది.

అక్సాకి అరికాలి మంట నెత్తికెక్కింది. కేక తీసేశారు, సరే, అదొక పాపం. ఆ ఊరి కట్టునే అడ్డం పెట్టి ఆ తల్లినే మోసం చేస్తాడా? ఇంకో పది అడుగులు వేస్తే ఆమె ఆటో ఎక్కుతుంది. అసలే వానాకాలం, పదిహేను రోజుల్లో ఏదో ఒకరోజు నీళ్ళు ఎర్రబడతాయి. డబ్బా వీణ వాయిస్తుంది. జనం చెప్పనీలే అనుకుని దిగుతారు.

"గంగక్కా, ఆగు!" అని అరిచింది. "అబద్ధం! నీ కేక లేదందుట్ల. పొద్దున తీసేసినం. నేను ఈడనే నిలబడి చూసిన. వాగొస్తే కూడ ఈ మాటే వస్తది."

గంగక్క వెనక్కి తిరిగింది. మూట భుజం మీంచి దించి నేల మీద పెట్టింది.

"తీసేసిన్రా," అంది మెల్లగా. తర్వాత గొంతు లేచింది. "పంతొమ్మిది దినాలు నా ఇంట్ల నా కంచంల తిన్నవు గదనే! నా కేక కావాలంటివి, ఇచ్చిన. తీసేటప్పుడు ఒక్క మాట నాతోని చెప్పాల్నని లేదా నీకు? ఇందాక అడిగితే నోరు మూసుకుంటివి. నేను పోతుంటిని గదా, ఈళ్ళందరిని వాగుల ముంచి పోతుంటిని గదా! ఇప్పుడు నా బిడ్డకేం చెప్పాలె నేను? మళ్ళ రాలేనని చెప్పాల్నా?"

అక్సా మీద పడ్డ ప్రతి మాటా న్యాయంగానే పడింది.

కుర్చీలోంచి ప్రమీలారాణి అడిగింది: "ఏమిటండీ గొడవ? ఎవరి కేక తీసేశారు?"

"ఏం లేదు మేడం, చిన్న టెక్నికల్ విషయం. మీ సందేశం కోసం జాగా సరిపోక..."

"నా సందేశం పెట్టమని నేనెప్పుడు అడిగాను? అది మా ట్రస్టు వార్షికోత్సవంలో మాట్లాడింది కదా. ఇక్కడికి ఎలా వచ్చింది?"

అక్సా చెవులను తనే నమ్మలేకపోయింది. అడగనే లేదు! ఎవరూ అడగని మాట కోసం రెండు గదులు కూలగొట్టారు. ఎవరూ కోరని పొగడ్త కోసం ఒక ఊరిని వాగులో నిలబెట్టారు. ఆమె అడిగి ఉంటే కనీసం కోపం తెచ్చుకోవడానికి ఒక పెద్ద మనిషన్నా ఉండేది.

"మీ గౌరవార్థం మేడం," అని వెంకటేశ్వరరావు నసిగాడు. ప్రమీలారాణి ఆయన్నీ, గంగక్కనీ మార్చి మార్చి చూసింది. ఏదో అనబోయింది. కెమెరా తన వైపు తిరగడం చూసి, "సరే, మీలో మీరు చూసుకోండి," అని లేచి కారు వైపు వెళ్ళిపోయింది. అంతే.

అక్సా లాప్‌టాప్ తెరిచి స్తంభం కింద చతికిలబడింది.

"ఏం చేస్తున్నవ్?" వెంకటేశ్వరరావు పళ్ళ బిగువున అన్నాడు. "మేడం ఇంకా కార్లనే ఉంది. దాన్ని ముట్టుకున్నవంటే రేపటి నుంచి ఆఫీసుకి రానక్కర్లే."

"రాను సార్."

"సుకుమార్! డబ్బా తాళం నాకియ్యి."

తాళంచెవి సుకుమార్ జేబులో ఉంది. తీశాడు. ఒక్కసారి ఓనరు మొహం చూశాడు. తర్వాత నాలుగడుగులు వేసి దాన్ని అక్సా చేతిలో పెట్టాడు. పెట్టి, తనకు తనే భయపడ్డట్టు వెళ్ళి చెట్టు కింద నిలబడ్డాడు.

పొద్దున దించిన నాలుగు ఎంబీలూ తిరిగి ఎక్కడానికి పావుగంట పట్టింది. ఆ పావుగంటా వెంకటేశ్వరరావు తిడుతూనే ఉన్నాడు. కంపెనీ లాప్‌టాప్ అన్నాడు, కేసు పెడతానన్నాడు, బాయి మనుషుల బుద్ధి అన్నాడు. ఆ చివరి మాటకి అక్సా తలెత్తి, "మా నాయన పేరు ఎత్తితే మాత్రం ఊకోను సార్," అంది. ఆయన కారెక్కాడు.

పని అయిపోయింది. గంగక్క కదల్లేదు. మూట పక్కన అలాగే కూర్చుని ఉంది.

"ఎక్కిందా?"

"ఎక్కింది గంగక్కా. అన్నీ మునుపటి లెక్కనే ఉన్నయ్."

"పొద్దున సారు కూడ గట్లనే చెప్పిండు. నేనెట్ల నమ్మాలె?"

నిజమే. వినిపించమంటే ఎలా వినిపిస్తుంది? ఆకాశం తెల్లగా ఉంది. వాగు చీలమండలు తడిసేంత పారుతోంది. ఆ కేక ఇప్పుడు మైకులో మోగితే చేలల్లో జనం ఆగిపోతారు, పశువులను వెనక్కి తోలుతారు, ఉత్తుత్తి కేక అని తెలిశాక ఇక దాని విలువ పోతుంది. అక్సా డబ్బాలోంచి మైకుకి పోయే తీగ పీకేసింది. తన ఇయర్‌ఫోన్ వైరు కొస గీకి ఆ తీగ ఉన్నచోట తగిలించింది. సౌండ్ బాగా తగ్గించింది.

"మైకు తీగ పీకిన. నీ ఒక్కదాని చెవిలనే వినపడ్తది. తప్పయితదా?"

గంగక్క ముసలయ్య వైపు చూసింది. ముసలయ్య కోయలో ఏదో అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపి, మళ్ళీ ఆలోచించి, "నా మాట నా చెవిల నేను చెప్పుకునుడు తప్పెట్లయితది," అని ఇయర్‌ఫోన్ తీసుకుంది.

అక్సా బటన్ నొక్కింది. గంగక్క కళ్ళు మూసుకుని వింది. ఇరవై రెండు సెకన్లు.

"అవ్," అంది కళ్ళు తెరిచి. "ఆ దినం వాననే. మా రేకుల మీద పడ్డ చప్పుడు గూడ ఉంది." లేచి మూట భుజానికెత్తుకుంది. అక్సా గడ్డం పట్టుకుని, "ఈసారి నువ్వు గూడ అబద్ధమాడితే నీ మొహం చూడ," అంది. ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

అక్సా మైకు తీగ మళ్ళీ బిగించి, డబ్బాకి తాళం వేసి, తాళంచెవి ముసలయ్యకిచ్చి, లాప్‌టాప్ సుకుమార్‌కి అప్పగించి, టేకులపల్లి నుంచి ఇల్లందు బస్సెక్కింది.

తొమ్మిదో రోజు పొద్దున తల్లి సంపూర్ణ, ఉద్యోగం పోగొట్టుకున్న కూతురికి దోసె వేస్తూ సణుగుతోంది. తల్లి సణుగుడుకి జవాబు చెప్పే హక్కు తనకి లేదని అక్సా గమ్మున తింటోంది. ఫోను మోగింది. ముసలయ్య. వెనక హోరున వాన.

"బిడ్డా, వాగొచ్చింది. గంగక్క కేకేసింది. సంతకు పోయేటోళ్ళం పద్దెనిమిది మందిమి ఉంటిమి, ఇద్దరు నీళ్ళల్ల కాలు కూడ పెట్టిన్రు. అందరం ఎనకకు వచ్చినం."

డబ్బా మోగింది అనలేదు. గంగక్క కేకేసింది అన్నాడు. ఆ సమయానికి గంగక్క భద్రాచలం దవాఖానాలో బాలి మంచం పక్కన, నాలుగు రోజుల మనవరాలిని ఒళ్ళో వేసుకుని కూర్చుని ఉంది. అక్సా ఎంగిలి చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. సంపూర్ణ సణుగుడు ఆపి, ఏంటో అడక్కుండానే ఇంకో దోసె వేసింది.

మధ్యాహ్నానికి వెంకటేశ్వరరావు ఫోను వచ్చింది. గొంతు తేనెలో ముంచి తీసినట్టుంది.

"అక్సా, జరిగిందేదో జరిగింది. పొద్దుటి వాగు సంగతి విని మేడం ట్రస్టు నలభై డబ్బాలకూ ఒప్పుకుంది. ఊరి మాటలోనే ఉండాలన్నరు. నువ్వు రేపు వచ్చి జాయిన్ అవ్వు. ఆ గంగక్క ఫైలు మంచిగుంది కదా, సుకుమార్ దాన్ని ప్రోగ్రాంలనే ఎంబెడ్ చేసి నలభై డబ్బాలకూ ఒక్కసారే పంపిస్తనన్నడు."

అక్సాకి ముందు నవ్వొచ్చింది. నవ్వు సగంలోనే కోపమైంది. ఏమీ అర్థం కాలేదు ఈ మనిషికి! ఒక్క ముక్క కూడా ఎక్కలేదు!

"నలభై వాగుల కాడ గంగక్కని ఎవరెరుగుదురు సార్? ఎక్కడో ఉన్న ముర్రుమళ్ళ తండాలోళ్ళకు గంగక్క ఎవరు? వాళ్ళు ఎవరి గొంతుకి ఆగుతరో వాళ్ళ గొంతే ఉండాలె. అందుకే గొంతుకి వేరే గది కట్టిన నేను. ప్రోగ్రాం అన్నిట్ల ఒకటే, గొంతు గది ఏ ఊరిది ఆ ఊరిది. నలభై వాగులకు నలభై గొంతులు. ఒక్కొక్క ఊరికి పోవాలె, ఎవరు పిలిస్తే ఆగుతరో అడగాలె, వాగొచ్చిందాక వాళ్ళింట్ల కూసోవాలె."

"గంత పనా? అన్నిట్ల ఒక్కటే పెడితే సులువు కదమ్మా."

"సులువు మీకు సార్," అంది అక్సా. "నీళ్ళల్ల దిగేది వాళ్ళు."